పాత ముక్క

"నోరు తెరువు పెద్దమ్మా" అని నీలవేణి బతిమాలుతోంది. సోమాలమ్మ పెదవులు బిగించుకుని కూర్చుంది. బుగ్గలో ముద్దని అటు నుంచి ఇటు తోసుకుని, తీరిగ్గా మింగి, అప్పుడు తెరిచింది నోరు.

"ముద్ద నోట్లో ఉండగా నోరు తెరవమంటావేంటే? సిన్నప్పుడు నువ్వట్టా తెరిస్తే మీయమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. మర్చిపోయావా?"

రాజమండ్రిలోని ఆ ప్రయోగశాలలో తెల్లకోట్ల వాళ్ళందరూ పక్కున నవ్వారు. నీలవేణికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుటి నుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. తీగెలు సర్దుతుంది, తెర చూస్తుంది, మళ్ళీ వెళ్ళి కుర్చీ పక్కనున్న మట్టిపిడతలోకి తొంగి చూస్తుంది. పిడతలో పులిదుంప ఒరుగులు గుప్పెడు కూడా లేవు. అవి అయిపోతే లోకంలో ఇంకెక్కడా దొరకవు.

ఎందుకు దొరకవంటే, అవి తాటిగొంది ఒరుగులు. తాటిగొంది ఇప్పుడు లేదు. జలాశయం నిండినప్పుడు ఊరూ, ఊరి పక్క వాగూ, వాగులో దుంపలు నానబెట్టే బండలూ అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. అక్కడి కొండరెడ్లని పడవల్లో దించి, మైదానంలో కాలువ గట్టున ఒక కాలనీ కట్టి అందులో పెట్టారు. పడవెక్కేటప్పుడు తలొకరూ మంచాలూ మేకలూ సర్దుకుంటుంటే సోమాలమ్మ ఈ పిడత ఒక్కటీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పులిదుంప సాదాసీదా దుంప కాదు మరి. తొందరపడి తింటే మనిషిని పడగొట్టేస్తుంది. చెక్కు తీసి, పలచగా చక్రాలు కోసి, బుట్టల్లో వేసి పారే నీళ్ళలో రోజుల తరబడి ఉంచితే గానీ అందులో విషం పోదు. పోయిందీ లేనిదీ చెప్పేది నాలుక ఒక్కటే. అందుకని తాటిగొందిలో ఒక పద్ధతి ఉండేది. దుంపల కొత్త అని పండగ చేస్తారు. అది అయ్యేదాకా ఆ ఏటి దుంప ఎవరూ నోట పెట్టరు. పండగ నాడు ఊరి తరఫున ఒక ఆడమనిషి ముందుగా పోయినేటి ఎండు ముక్క నమిలి మింగుతుంది. ఆ రుచి నాలుక మీద ఉండగానే కొత్త ముక్క పెట్టుకుంటుంది. రెండూ కలిస్తే "అయింది" అంటుంది. మిగిలిన పాత ముక్కని చిదిమి ఇంటింటి పెద్దకీ తలా కాస్త పంచాక అందరూ కొత్త దుంప తింటారు. ఆవిడ "అయింది" అనకపోతే ఆకలికి కళ్ళు తిరుగుతున్నా సరే, ఊళ్ళో ఎవరూ ముట్టరు. సోమాలమ్మకి ఆ పని అత్తగారి దగ్గర నుంచి వచ్చింది.

ఇప్పుడు ఆ నాలుక కింద వెంట్రుకల్లాంటి తీగెలున్నాయి. నాలుక మెదడుకి ఏం కబురు పంపుతోందో అవి మధ్యలో వింటున్నాయి. విన్నదంతా మిషనులో నమోదవుతోంది, అక్కడి నుంచి ఎన్నిసార్లయినా పూతరేకు కన్నా పలచనైన పొర మీదికి ఎక్కుతుంది. ఆ పొరని ఎవరి నాలుక మీద అంటించినా అదే కబురు మళ్ళీ చెబుతుంది. గంటసేపు చెప్పి, కరిగిపోతుంది. దాన్ని రుచిరేకు అంటారు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, తాటిగొంది నుంచి మొదటిసారిగా విశ్వవిద్యాలయం గడప తొక్కిన నీలవేణి ఏళ్ళ తరబడి నిద్రాహారాలు మాని చేసిన పని అది. తన జనం చెల్లాచెదురైపోతున్నారు, పిల్లలకి రేషన్ బియ్యం తప్ప ఇంకేమీ తెలియకుండా పోతోంది, ఈ రుచి పోతే తామెవరో చెప్పుకోవడానికి మిగిలేదేమిటి అని ఆమె బెంగ.

తొలి రేకు తయారైన రోజు డాక్టర్ పారిజాతం గారు స్వయంగా పరీక్షించింది. ఆ ప్రయోగశాలకి ఆవిడే పెద్ద. రేకు నాలుక మీద పెట్టుకుని, కిటికీ బయటున్న చెట్టు నుంచి వేపాకులు తెంపించుకుని నమిలింది. కళ్ళు మూసుకుంది.

"అబ్బ! వేపాకు ఊసే లేదమ్మాయ్. కమ్మగా, కాస్త మట్టి వాసనతో... ఇదేనా మీ దుంప?"

"ఇదే మేడమ్" అంది నీలవేణి.

ఆవిడ మరో గుప్పెడు వేపాకు నమిలి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. సోమాలమ్మ మాత్రం ఖాళీ అయిన పిడతని బోర్లించి, అడుగున తట్టి చూసుకుంటోంది.

"పాత ముక్కలన్నీ మీ మిషనుకే పెట్టేశానే నీలీ. రేపు కొత్తకి పాత ముక్క ఎక్కణ్ణించి తేవాలి నేను?"

నీలవేణి ఆవిడ చేతిలో ఒక రేకు పెట్టింది. "ఇదే పాత ముక్క పెద్దమ్మా. ఇంక ఎప్పటికీ అయిపోదు."

సోమాలమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. ఆ మాటకి ఆవిడ మొహం వెలిగిపోయింది.

*

కాలనీలో తొలిసారి దుంపల కొత్త చేసుకుందామని ఆ ఏడే అనుకున్నారు. మగవాళ్ళు పడవ మాట్లాడుకుని జలాశయం అవతలి కొండల మీదికి పోయి దుంపలు తవ్వుకొచ్చారు. సోమాలమ్మ మొగుడు కన్నపరెడ్డి ఆ వయసులో కూడా వద్దన్నా వినకుండా వెళ్ళాడు. తిరిగొచ్చి, కావడి మోసి భుజం మీద కాసిన కాయ చూపించుకుంటూ కాలనీ అంతా తిరిగాడు.

"మీ పెదనాన్నకి ఈడొచ్చిందే నీలీ, పెళ్ళి సేసెయ్యాలి" అని సోమాలమ్మ ఎగతాళి చేసింది.

"నువ్వున్నావు గదా అని ఆగాను గానీ, లేపోతే ఎప్పుడో సేసుకుందును" అన్నాడాయన.

బుట్టలు కాలువలో దింపారు. అక్కడొచ్చింది చిక్కు. కాలువ వాగు కాదు గదా. ఎగువన ఎవరో లాకు తలుపులు దించేశారు. నీళ్ళు పారడం మానేసి గుంటల్లో నిలబడ్డాయి. సోమాలమ్మ రోజూ గట్టు మీద అటూ ఇటూ తిరగడం, నీళ్ళలో చెయ్యి పెట్టి చూడడం, గొణుక్కోవడం. ఆవిడ మనసు మనసులో లేదు.

"కదలని నీళ్ళు ఏం కడుగుతాయే?"

"పోనీ ఇంకొన్నాళ్ళు వాయిదా వేద్దామా పెద్దమ్మా?"

"ఎందుకు? నాలిక ఉంది గదా. కాపోతే కాలేదంటాది."

కొత్త రోజు పొద్దున్నే డప్పు మోగింది. నీలవేణి ఇంటింటి పెద్దకీ ఒక్కొక్కటి చొప్పున రేకులు తెచ్చింది. తనకి తెలియకుండానే పరుగులు పెడుతోంది. అందరూ మళ్ళీ తాటిగొంది రుచి చూస్తారు, వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అది తన వల్ల జరుగుతుంది. ఈ ఆలోచనతో ఆమెకి నేల మీద కాలు నిలవడం లేదు.

సోమాలమ్మ తలారా స్నానం చేసి, తడిజుట్టుతోనే కూర్చుంది. ముందుగా పాత ముక్క అనుకుని రేకు నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తరవాత ఉడికిన కొత్త ముక్క తుంపి నోట్లో వేసుకుంది. కాలనీ అంతా చూస్తోంది. ఆవిడ నమిలింది. ఇంకా నమిలింది. చెంపల మీద నీళ్ళు కారిపోయాయి.

"అయింది" అంది. "మన వాగులో నానినట్టే ఉంది. అచ్చం అట్టాగే ఉంది."

డప్పు మళ్ళీ అందుకుంది. పెద్దలందరికీ పాత ముక్కకి బదులు రేకులు పంచారు. అడ్డాకుల్లో దుంపలు వడ్డించారు. కన్నపరెడ్డి మొదటి ముద్దకే తలాడించి, రెండో ఆకు వేయించుకున్నాడు.

పిల్లలూ కుర్రకారూ మాత్రం మొహాలు చిట్లించారు. "గొంతు గీరుతుందే" అన్నాడొకడు. "సేదు" అని ఒక పిల్ల ఉమ్మేసింది.

"రేషన్ బియ్యం మరిగిన నోళ్ళురా మీయి! మీకేం తెలుత్తాది దుంప రుచి?" అని కులపెద్ద లచ్చిరెడ్డి గదిమాడు. పెద్దలంతా నవ్వారు.

నీలవేణి తన ఆకులోంచి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. రేకులు ఎవరికెలా పనిచేస్తున్నాయో చూసుకోవాలని ఆమె రేకు వేసుకోలేదు. నాలుక చివర చురుక్కుమంది. ఆ వెనకే చేదు, గొంతులో మంట. ఆమె నమలడం ఆపేసింది. పెద్దమ్మ వైపు చూసింది. సోమాలమ్మ మొహం తాటిగొందిలో ఉన్నట్టే ఉంది. నాదీ రేషన్ బియ్యం నోరే కదా అనుకుంది నీలవేణి. హాస్టల్ సాంబారు తిని పెరిగిన నోరు, ఊరంతా మెచ్చుకుంటుంటే దీనికి చేదంటే ఎవరు నమ్ముతారు? నవ్వుతారు కూడా. ముక్కని మెల్లిగా ఆకు అంచున ఉమ్మేసి పైన ఇంకో ముక్క కప్పింది. నోరు మూసుకుంది.

మధ్యాహ్నం తిరక్కుండానే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే కూలబడ్డారు. వాంతులు, కళ్ళు మసకలు, కాళ్ళు చేతులు కొట్టుకోవడం. డప్పు పక్కనే పడుంది, ఎవరూ చూడలేదు. ట్రాక్టర్ల మీదా ఆటోల్లోనూ వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఉమ్మేసిన పిల్లలకి ఏమీ కాలేదు. వాళ్ళు గడపల్లో నిలబడి ఏడుస్తున్నారు.

అప్పుడు వెలిగింది నీలవేణికి. ఎండు ముక్క అయితే మింగాక దాని జాడే మిగులుతుంది, నాలుక కొత్తదానికి చోటిస్తుంది, కొత్త ముక్క సంగతి చెబుతుంది. రేకు పోదు. గంటసేపు అది తాను చెప్పేదే చెబుతుంది, ఇంకొకళ్ళని చెప్పనివ్వదు. మేడమ్ వేపాకు నమిలి చప్పట్లు కొట్టింది అందుకే కదా! ఆమె ఆటోలో పెదనాన్న తల ఒళ్ళో పెట్టుకుని "నేనే, నేనే" అంటూ కూర్చుంది. ఆయనకి వినబడిందో లేదో తెలియదు.

మిగిలినవాళ్ళు బతికారు. కన్నపరెడ్డి బతకలేదు.

*

విచారణ జరిగింది. సరిగా నానని దుంప తినడమే కారణమని తేల్చారు. రేకు వల్ల ఎవరి ఒంటికీ హాని లేదన్నారు. అది నిజమే మరి. ఆ నిజం నీలవేణిని నిలవనీయలేదు. ప్రయోగశాలకి వస్తుంది, పని ముట్టుకోదు, వరండాలో తిరుగుతుంది. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతుంది. తనకి చేదు తగిలిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అది లోపల కుమ్ములా రగులుతూనే ఉంది.

పారిజాతం గారు మంచి మనిషి. నీలవేణిని పక్కన కూర్చోబెట్టుకుంది. "చూడమ్మాయ్, ఆ దుంప ఎప్పుడూ ప్రమాదమే. మనం చేసింది ప్రమాదం లేని రుచి. మీవాళ్ళే రేకులు అడుగుతున్నారు, విన్నావా?"

నీలవేణి ఆ సంగతి వినలేదు. కాలనీకి పరుగెత్తింది.

లచ్చిరెడ్డి ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఎడమ చెయ్యి వణుకుతూనే ఉంది. "అవునమ్మా, మేమే అడిగాం. ఇక దుంప జోలికి పోవద్దని కులమంతా కూకుని అనుకున్నాం. కొండ మీదికి పోవడం వొద్దు, కాలవలో నానెయ్యడం వొద్దు. కొత్త నాడు నువ్వు తలా ఒక రేకు ఇచ్చెయ్యి. అది పెట్టుకుని ఇంత అన్నం తింటాం. రుచి రుచీ ఉంటాది, పేణం పేణమూ ఉంటాది."

ఆయన మాటలో తప్పేముంది అనుకుంది నీలవేణి. కానీ ఈ పిల్లలు ఇక కొండెక్కరు, తీగ చూసి దుంప గుర్తుపట్టరు, బుట్ట అల్లరు. నిలిపి ఉంచుదామని తను చేసిన వస్తువే ఇవన్నీ మాన్పించేస్తోంది. అయినా మనిషి చచ్చిపోయాక ఇంకా దుంప వండుకోండని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

సోమాలమ్మ ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నీలవేణి వెళ్ళి ఎదురుగా చతికిలపడింది. ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డుపడ్డది బయటికొచ్చేసింది.

"పెద్దమ్మా, ఆ రోజు నాకు చేదు తగిలింది. నోరు మండింది. ఉమ్మేశాను. నీకు చెప్పలేదు."

సోమాలమ్మ తలెత్తి ఆమె కేసి చూసింది. తిడుతుందనుకుంది నీలవేణి. కొట్టినా బాగుండుననుకుంది.

"ఎందుకు సెప్పలేదే?"

"నా నోటిని నేనే నమ్మలేదు."

సోమాలమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొంగు చివర ముడి విప్పి, నలిగిన రేకు కవరు ఒకటి తీసి చూపించింది. ఖాళీది.

"ఆయన పోయాక ఇది పెట్టుకున్నాను. ఇందులో ఏమైనా కనబడతాడేమో అని. రుచొచ్చింది. బానే వొచ్చింది. ఆకలేసింది. ఇంతలో ఆయనకి పెట్టాలి గదా అని సేతులు సూసుకున్నాను. సేతుల్లో ఏం లేదే. ఆకు లేదు, దుంప లేదు. నోట్లో ఉంది గానీ, ఒకళ్ళకి పెడదామంటే ఏం లేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "దీన్ని మాకియ్యకు నీలీ. నా నాలిక మీంచి తీసిందే గదా. నాదే గదా. తీసెయ్యమను."

"తీసేస్తే మళ్ళీ రాదు పెద్దమ్మా. ఆ వాగు లేదు."

"నాకు తెలీదా వాగు లేదని?"

రుచి ఇచ్చినవాళ్ళు వద్దంటే దాన్ని చెరిపెయ్యాలన్నది ప్రయోగశాల నియమమే. అయినా పారిజాతం గారు గిలగిల్లాడిపోయింది. "ఒక ఊరి రుచమ్మా అది! ఇంకెక్కడా లేదు. కోపంలో అంటోంది, కొన్నాళ్ళు ఆగు" అంది. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నీలవేణి ఆగలేదు. ఆగితే తనే చెయ్యలేదని ఆమెకి తెలుసు. చెరిపే ముందు ఒక్క రేకు దాచుకుందామా అని మనసు పీకింది. చెయ్యి డ్రాయరు దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుని, మిషనులో ఉన్నది చెరిపేసి, ఉన్న రేకులన్నీ నీళ్ళలో వేసి కలియబెట్టింది. తాటిగొంది వాగులో నానిన దుంప రుచి ఆ రోజుతో లోకంలో లేకుండా పోయింది. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

*

మరుసటేడు కాలువ పారుతుండగా సోమాలమ్మ ఎవరినీ అడక్కుండా కుర్రాళ్ళని కొండ మీదికి పంపింది. లచ్చిరెడ్డి కేకలేశాడు. కొందరు మొహం మీదే తలుపులేశారు. ఆవిడ పట్టించుకోలేదు. బుట్టలు నీళ్ళలో దిగాయి. దుంపలు ఉడికే రోజు వచ్చేసరికి, తినమన్నవాళ్ళూ తినొద్దన్నవాళ్ళూ కూడా కాలువ గట్టు మీదికే చేరారు.

"సూసేది ఎవరు? నువ్వేనా?" అన్నాడు లచ్చిరెడ్డి. ఆ గొంతులో ఎగతాళి లేదు, భయం ఉంది.

"నేను సూడను. నా నాలిక మీద నా మొగుడి సావుంది" అంది సోమాలమ్మ. "నీలి సూత్తాది."

గట్టు మీద గగ్గోలు లేచింది. నీలవేణికి ఈ మాట ముందుగా తెలియదు.

"నాకేం తెలుసు పెద్దమ్మా? పాత ముక్క కూడా లేదు."

"మంచి రుచి ఎరిగినోళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు. దాంతోనే గదా మునిగాం. ఆ రోజు సేదు తగిలి గుర్తున్న పెద్దదానివి నువ్వొక్కదానివే. రా, కూకో."

నీలవేణి కూర్చుంది. నోరు పుక్కిలించింది. ఉడికిన ముక్క తుంపి నాలుక మీద పెట్టుకుంది. చప్పగా ఉంది. తరవాత మెత్తటి తీపి. హమ్మయ్య అనుకుంది. ఇంకాస్త నమిలింది. నాలుక చివర ఏదో చీమ పాకినట్టయింది. చేదు కూడా కాదు. అసలు ఉందో లేదో తెలియనంత.

తలెత్తి చూసింది. జనం అంతా ఆమె నోటి కేసే చూస్తున్నారు. పొయ్యిల మీద ఆవిర్లు లేస్తున్నాయి. ఆకులు పరిచేసి ఉన్నాయి. కుర్రాళ్ళు కొండల్లో ఎండకి కాలి తెచ్చినవి. "కాలేదు" అంటే లచ్చిరెడ్డి మళ్ళీ ఎప్పటికీ ఒప్పుకోడు, ఇంతటితో దుంప కథ ముగుస్తుంది. అంత చిన్న గీరుడికి ఏమవుతుంది? నా నోరే పొరబడిందేమో, రేషన్ బియ్యం నోరు...

ఆమె ముక్కని అందరికీ కనబడేటట్టు నేల మీద ఉమ్మేసింది.

"కాలేదు" అంది. "ఎవరూ ముట్టద్దు."

లచ్చిరెడ్డి దగ్గరికొచ్చి కుండలోకి వంగి చూశాడు. "వాసన బానే ఉంది గదమ్మా. నిజంగా కాలేదా? పిల్లలు పొద్దుటి నుంచీ..."

"కాలేదు బాబాయ్. ఇది పారబోసెయ్యండి. బుట్టల్లో ఉన్నవి మళ్ళీ నీళ్ళలో పెట్టండి."

ఆమె తనే లేచి కుండ వంచేసింది. ఉడికిన దుంపంతా మట్టిలో పడింది. ఎవరో "అయ్యో" అన్నారు. సోమాలమ్మ ఆ "అయ్యో" కేసి తిరిగి చూడకుండా వెళ్ళి ఒక బుట్ట నెత్తికెత్తుకుంది. ఇంకొకావిడ ఇంకొకటి అందుకుంది. లచ్చిరెడ్డి పంచె ఎగ్గట్టి, వణికే చేత్తోనే ఒక బుట్ట చెవి పట్టుకున్నాడు.

"ఇంకెన్నాళ్ళు ఉంచమంటావు?" అని అడిగాడు.

"తెలీదు బాబాయ్" అంది నీలవేణి. "రేపు మళ్ళీ చూస్తాను."